రాస్ప్‌బెర్రీ పైలో ప్యాకేజీ ఎక్కనప్పుడు: కార్డు చెరిపేసే ముందు చూడాల్సినవి

మొన్న ఏప్రిల్‌లో వరంగల్ ఎనుమాముల వైపున్న ఒక కోల్డ్ స్టోరేజీ నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. పాలిటెక్నిక్ చివరి సంవత్సరం. మిర్చి బస్తాలు పెట్టే గదుల్లో వేడి, తేమ ఎంతున్నాయో చూసి ఫోనుకు మెసేజ్ పంపే చిన్న ఏర్పాటు చేస్తున్నాడు. బోర్డు రాస్ప్‌బెర్రీ పై 3, అంటే మెమరీ కార్డు మీద నడిచే అరచేతి కంప్యూటర్. దానికి ఒక డీహెచ్‌టీ22 సెన్సర్. అది పనిచేయడానికి ప్యాకేజీలు, అంటే ప్రోగ్రాం ఫైళ్ల మూటలు, బోర్డులో ఎక్కించాలి.

"అన్నా, రాత్రి సంది కూసున్న. ఒక్క ప్యాకేజీ ఎక్కుతలేదు. కార్డు మూడుసార్లు ఫార్మాట్ కొట్టిన. అయినా గంతే."

"మొదటి ఎర్రర్ లైన్ ఏమొచ్చింది తమ్మీ?"

"మొదటిది యాదికి లేదన్నా. ఆఖర్ల అనేబుల్ టు లొకేట్ ప్యాకేజ్ అని వస్తాంది."

అతని బోర్డులో తేదీ నాలుగు నెలలు వెనక ఉంది. అంతే తప్పు. కార్డు ఫార్మాట్ చేసిన ప్రతిసారీ, అందులో వేసిన ఓఎస్ ఇమేజ్ తయారైన నాటి తేదీ దగ్గరికే గడియారం మళ్లీ వెళ్లిపోతోంది. బాగుచేద్దామని చేసిన పనే తప్పును తిరిగి తెచ్చిపెట్టింది. తేదీ సరిచేసి అప్‌డేట్ కొట్టించాను, నిమిషంలో కదిలింది.

ఇలాంటి ఫోన్లు నాకు తరచూ వస్తాయి. హనుమకొండలో హాస్టళ్ల నుంచి, పరకాల, నర్సంపేట బడుల్లో సైన్స్ ప్రాజెక్టులు చేయించే సార్ల నుంచి. వీటిలో చాలావాటికి ప్యాకేజీలో ఏ లోపమూ ఉండదు. లోపం దాని కింద ఉంటుంది: ఛార్జర్, గడియారం, నెట్, మెమరీ కార్డు. పెద్ద కంప్యూటర్లో ఇవి సరిగ్గానే ఉంటాయని ధైర్యంగా అనుకోవచ్చు. ఈ చిన్న బోర్డులో అలా అనుకోవడానికి లేదు. అందుకే కింది నుంచి పైకి చూసుకుంటూ రావాలి. నేను ఏ వరుసలో చూస్తానో ఆ వరుసలోనే చెబుతాను.

ఒక మాట ముందే. ఇక్కడ కమాండ్లను పలికే తీరులో తెలుగు లిపిలో రాశాను. టెర్మినల్‌లో (కమాండ్లు కొట్టే కిటికీలో) మాత్రం మీరు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే కొట్టాలి. ఆప్ట్ అంటే ఏ, పీ, టీ అనే మూడక్షరాలు, ప్యాకేజీలను సర్వర్ నుంచి దించి ఎక్కించే ప్రోగ్రాం. డీపీకేజీ అంటే డీ, పీ, కే, జీ, దిగిన ప్యాకేజీని విప్పి అమర్చే ప్రోగ్రాం. ముందు సుడో అని ఉంటే ఆ పని అడ్మిన్ హక్కుతో చేయమని. గీతలు, చుక్కలు, ఖాళీలు నేను రాసినవి రాసినట్టే ఉంచండి.

మొదట, మొదటి ఎర్రర్ లైన్ పట్టుకోండి

టెర్మినల్‌లో అందరి కన్నూ చివరి లైన్ మీదే పడుతుంది. అది చాలాసార్లు ముందు జరిగినదాని ఫలితం మాత్రమే. కారణం పైన, మీరు దాటేసిన చోట ఉంటుంది.

ఏ పనికైనా ముందు «సుడో ఆప్ట్ అప్‌డేట్» (సర్వర్లో ఏ ప్యాకేజీలున్నాయో ఆ జాబితా దించే కమాండ్) కొట్టి, వచ్చే ప్రతి లైన్ మొదటి మాట చదవండి. హిట్ అంటే మీ దగ్గరున్న జాబితా తాజాదే. గెట్ అంటే కొత్తది దించుకుంది. ఇగ్న్ అంటే ఆ ఫైలును ప్రస్తుతానికి దాటేసింది, కంగారు పడనక్కర లేదు. ఎర్ అని ఉందంటే సర్వర్ నుంచి తేలేకపోయింది. అన్నిటికన్నా కింద డబ్ల్యూ అనే ఇంగ్లీషు అక్షరంతో హెచ్చరికలు, 'ఈ' అనే ఇంగ్లీషు అక్షరంతో ఎర్రర్లు వస్తాయి.

ఇక్కడ ఒక మోసం ఉంది. జాబితా దిగకపోయినా అప్‌డేట్ కొన్నిసార్లు హెచ్చరికతో సరిపెట్టి ముగిసిపోతుంది. "కొన్ని ఫైళ్లు దిగలేదు, వాటిని వదిలేశాం, లేదా పాతవే వాడాం" అనే అర్థం వచ్చే డబ్ల్యూ లైన్ అది. చూడ్డానికి పని అయినట్టే ఉంటుంది. ఆ తర్వాత ఇన్‌స్టాల్ కొడితే, ఖాళీ జాబితాలో వెతికి "ఆ పేరుతో ప్యాకేజీ లేదు" అంటుంది. లేదా పాత జాబితా చూసి సర్వర్‌ను అడిగితే ఆ వెర్షన్ అక్కడ ఉండదు, 404 వస్తుంది. కోల్డ్ స్టోరేజీలో జరిగింది ఇదే. కుర్రాడు ఇన్‌స్టాల్ ఎర్రర్ మీద రాత్రంతా కూర్చున్నాడు. అసలు కారణం అప్‌డేట్ లైన్లలో ఉంది.

స్క్రీన్ జారిపోతుంటే కమాండ్ చివర «2>&1 | టీ లాగ్.టీఎక్స్‌టీ» చేర్చండి. ఈ టీ అనేది మూడక్షరాల కమాండ్: టీ, ఈ, ఈ. వచ్చినదంతా తెర మీద కనిపిస్తూనే ఫైల్లోకీ వెళ్తుంది. ఇదివరకు జరిగినవి కావాలంటే /వార్/లాగ్/ఆప్ట్ ఫోల్డర్లో హిస్టరీ.లాగ్, టర్మ్.లాగ్ అని రెండున్నాయి. నిన్న ఏం ఎక్కించారో, ఏం తీసేశారో తేదీతో సహా అందులో ఉంటుంది.

ఛార్జర్, కేబుల్

పై 3కి 5.1 వోల్టులు, 2.5 ఆంపియర్ల అడాప్టర్ కావాలి. పై 4కి 3 ఆంపియర్లు. పై 5కి 5 ఆంపియర్లు ఇచ్చేది పెట్టమంటారు. ఇంట్లో ఉన్న పాత ఫోన్ ఛార్జర్ పెడితే బోర్డు ఆన్ అవుతుంది, డెస్క్‌టాప్ కూడా వస్తుంది. కానీ ప్యాకేజీలు విప్పేటప్పుడు ప్రాసెసర్, కార్డు, వైఫై మూడూ ఒకేసారి కరెంటు లాగుతాయి. అప్పుడు వోల్టేజీ పడిపోతుంది. బోర్డు దానంతటదే రీస్టార్ట్ అవుతుంది, లేదా కార్డు మీద సగం రాత పడుతుంది.

దీన్ని ఊహించక్కర లేదు, బోర్డునే అడగొచ్చు. «వీసీజెన్‌కమాండ్ గెట్_థ్రాటిల్డ్» కొట్టండి. మొదటి మాట స్పెల్లింగ్: వీ, సీ, జీ, ఈ, ఎన్, సీ, ఎం, డీ. జవాబు 0ఎక్స్0 వస్తే కరెంటు బాగానే ఉంది. 0ఎక్స్50000 వస్తే, ఆన్ చేసినప్పటి నుంచి ఎప్పుడో ఒకసారి వోల్టేజీ పడింది, ప్రాసెసర్ వేగం కూడా తగ్గింది అని. 0ఎక్స్50005 వస్తే ఈ నిమిషంలో కూడా పడి ఉంది. 4.63 వోల్టుల కంటే తగ్గితే బోర్డు ఈ గుర్తు పెట్టుకుంటుంది. మానిటర్ ఉంటే తెర మూలన మెరుపు బొమ్మ కనిపిస్తుంది.

మన దగ్గర అందరూ "ఊళ్లో వోల్టేజీ తక్కువ" అని దానిమీద పెడతారు. మంచి అడాప్టర్లు 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకునేలా చేస్తారు. సాయంత్రం మోటార్లు ఆన్ అయి బల్బు కాస్త మసకబారినా దానికి ఇబ్బంది ఉండదు. నేను చూసినవాటిలో ఎక్కువసార్లు దోషం కేబుల్‌దే. సన్నగా, రెండు మీటర్ల పొడవున్న కేబుల్లో అడాప్టర్ దగ్గర బయలుదేరిన 5 వోల్టులు బోర్డు దగ్గరికి వచ్చేసరికి తగ్గిపోతాయి. పొట్టిగా, లావుగా ఉన్న కేబుల్ మార్చి చూడండి. 0ఎక్స్0 వచ్చేదాకా ముందుకు పోకండి, ఎందుకంటే ఆ తర్వాత కనిపించే ఏ ఎర్రర్‌నూ నమ్మలేం.

మే నెలలో రేకుల గదిలో పెట్టి పనిచేసేవాళ్లు «వీసీజెన్‌కమాండ్ మెజర్_టెంప్» కూడా కొట్టండి. 80 డిగ్రీలు దాటితే బోర్డు తన వేగం తాను తగ్గించుకుంటుంది. ప్యాకేజీ పాడవదు, ఆలస్యమవుతుంది. ఫ్యాను గాలి తగిలేలా పెడితే చాలు.

తేదీ, సమయం

పై 4 వరకూ వచ్చిన బోర్డుల్లో గడియారం నడిపే బ్యాటరీ ఉండదు. ప్లగ్గు తీస్తే కాలం అక్కడే ఆగిపోతుంది. తిరిగి ఆన్ చేసినప్పుడు చివరిగా ఫైల్లో రాసుకున్న సమయం నుంచి మొదలుపెట్టి, నెట్ దొరికాక సరైన సమయం అడిగి సరిచేసుకుంటుంది. పై 5లో గడియారం బోర్డు మీదే ఉంది కానీ దాని బ్యాటరీ విడిగా కొని తగిలించాలి.

సమయం అడిగేది యూడీపీ 123 పోర్టు ద్వారా. చాలా హాస్టళ్లలో, ఆఫీసుల్లో బ్రౌజర్‌కు కావాల్సిన పోర్టులు మాత్రమే తెరిచి మిగతావి మూసేస్తారు. దాంతో నెట్ పనిచేస్తున్నట్టే ఉంటుంది, గడియారం మాత్రం కదలదు. అప్పుడు ఆప్ట్ ఇచ్చే మాట "రిలీజ్ ఫైల్ ఈజ్ నాట్ వ్యాలిడ్ యెట్". సర్వర్ మీది ఫైలు మీద వేసిన తేదీ మీ బోర్డు లెక్కలో ఇంకా రాలేదు, రేపటి తేదీ వేసిన చెక్కు లాంటిది, అందుకే తీసుకోదు. హెచ్‌టీటీపీఎస్ సైట్ల సర్టిఫికెట్లు కూడా ఇదే కారణంతో తిరస్కరిస్తుంది.

«టైమ్‌డేట్‌సీటీఎల్» కొట్టి, సిస్టమ్ క్లాక్ సింక్రనైజ్డ్ అన్న చోట యెస్ ఉందో నో ఉందో చూడండి. నో ఉండి తేదీ తప్పుగా ఉంటే రెండు దారులున్నాయి. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి రెండు నిమిషాలు ఆగితే చాలావరకు అదే సరవుతుంది. అది కుదరకపోతే «సుడో డేట్ -ఎస్» తర్వాత కొటేషన్ గుర్తుల మధ్య ఈనాటి తేదీ, సమయం రాయండి: ముందు సంవత్సరం, తర్వాత నెల, రోజు, ఖాళీ వదిలి గంటలు, నిమిషాలు. వెంటనే మళ్లీ అప్‌డేట్ కొట్టండి.

కోల్డ్ స్టోరేజీ లాంటి చోట, నెట్ ఎప్పుడుంటుందో తెలియని చోట బోర్డును శాశ్వతంగా పెట్టబోతుంటే డీఎస్3231 అనే చిన్న గడియారం మాడ్యూల్ తగిలించండి. నాణెం బ్యాటరీతో నడుస్తుంది, పెద్ద ఖర్చు కాదు. ఆ కుర్రాడితో నేను చేయించిన తర్వాతి పని అదే. తప్పు తేదీతో రికార్డయిన వేడి లెక్కలు ఎవరికీ పనికిరావు.

నెట్ ఉందా, ఉన్నట్టు కనిపిస్తోందా

మూడు పింగ్‌లతో (ఉన్నావా అని అవతలి యంత్రాన్ని పలకరించే కమాండ్) తేలుతుంది. ముందు మీ రౌటర్‌కు, తర్వాత గూగుల్ సర్వర్ 8.8.8.8కు, ఆ తర్వాత డెబ్.డెబియన్.ఆర్గ్‌కు. రౌటర్ పలకకపోతే వైఫైదే సమస్య. 8.8.8.8 పలికి పేరు మాత్రం పలకకపోతే, పేరును అంకెల చిరునామాగా మార్చే డీఎన్‌ఎస్ పనిచేయడం లేదు. ఆప్ట్ దీన్నే "టెంపరరీ ఫెయిల్యూర్ రిజాల్వింగ్" అంటుంది. టెంపరరీ అన్నారు కదా అని గంటలు గంటలు ఎదురు చూడకండి. రౌటర్ ఆపి ఆన్ చేయండి, లేదా మరో నెట్‌కు మారండి.

హాస్టల్ వైఫైకి ఒక ప్రత్యేకమైన జబ్బుంది. బ్రౌజర్ తెరిచి యూజర్ పేరు, పాస్‌వర్డ్ కొట్టేదాకా అది ఏ సైటు అడిగినా లాగిన్ పేజీనే ఇస్తుంది. ఆప్ట్ ప్యాకేజీల జాబితా అడిగినా లాగిన్ పేజీయే ఇస్తుంది. ఆప్ట్ అది చదివి, "క్లియర్‌సైన్డ్ ఫైల్ ఈజింట్ వ్యాలిడ్, గాట్ నోస్‌ప్లిట్" అంటూ చివర్లో బ్రాకెట్లో ఒక ప్రశ్న వేస్తుంది: ఈ నెట్‌వర్క్‌కు లాగిన్ అవసరమా? ఇంత సూటిగా దారి చూపే ఎర్రర్ ఆప్ట్‌లో అరుదు, కానీ మొదటి సగం చూసి జనం భయపడి రెండో సగం చదవరు. బోర్డులో బ్రౌజర్ తెరిచి లాగిన్ అవ్వండి. మానిటర్ లేని బోర్డయితే ఫోన్ హాట్‌స్పాట్ వాడండి.

హాట్‌స్పాట్‌లో మరో చిక్కు. మన మొబైల్ నెట్‌వర్కులు ఐపీవీ6 అనే కొత్త తరహా చిరునామాలు ఇస్తాయి. కొన్నిసార్లు బోర్డు ఆ దారినే పట్టుకుని వేలాడి, "నెట్‌వర్క్ ఈజ్ అన్‌రీచబుల్" అంటుంది. లైన్లో రెండు చుక్కలతో విడదీసిన పొడవాటి చిరునామా కనిపిస్తే ఇదేనని అనుమానించండి. «సుడో ఆప్ట్ -ఓ ఎక్వైర్::ఫోర్స్‌ఐపీవీ4=ట్రూ అప్‌డేట్» అని కొట్టి చూడండి. ఇందులో ఎక్వైర్ మొదటి అక్షరం, ఫోర్స్ మొదటి అక్షరం, ఐపీ అన్న రెండక్షరాలు పెద్దవి.

"హ్యాష్ సమ్ మిస్‌మ్యాచ్" వస్తే దిగిన ఫైలు దారిలో మారింది, లేదా సగమే దిగింది. «సుడో ఆర్‌ఎం -ఆర్ /వార్/లిబ్/ఆప్ట్/లిస్ట్స్/*» తో పాత జాబితాలు తీసేసి అప్‌డేట్ మళ్లీ కొట్టండి. అవి జాబితాలే, పోయినా తిరిగి దిగుతాయి. కానీ ఈ కమాండ్‌లో దారి పేరు ఒక్కటి తప్పితే వేరే ఫైళ్లు పోతాయి. ఎంటర్ నొక్కే ముందు అక్షరం అక్షరం చదవండి.

కార్డు: చోటు, ప్రాణం

«డీఎఫ్ -హెచ్» కొట్టి, ఒక్క / గుర్తున్న వరుస చూడండి. వంద శాతం నిండితే "నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్" వస్తుంది. 32 జీబీ కార్డు పెట్టినా మొత్తం చోటు నాలుగైదు జీబీలే కనిపిస్తే, కార్డులోని మిగతా భాగాన్ని సిస్టమ్ ఇంకా వాడుకోవడం లేదని అర్థం. «సుడో రాస్పీ-కాన్ఫిగ్» తెరిచి అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో ఎక్స్‌పాండ్ ఫైల్‌సిస్టమ్ ఎంచుకుని రీస్టార్ట్ చేయండి. నిజంగానే నిండిందంటే «సుడో ఆప్ట్ క్లీన్» మొదట చేయండి. ఎక్కించేశాక మిగిలిన ప్యాకేజీ ఫైళ్లు పోతాయి.

"రీడ్-ఓన్లీ ఫైల్ సిస్టమ్" అని వస్తే మాత్రం ఆగండి. కార్డులో రాతలు తేడాగా కనిపించి, ఉన్నది కాపాడుకోవడానికి సిస్టమ్ రాయడం ఆపేసింది. «సుడో డీమెసేజ్» (స్పెల్లింగ్ డీ, ఎం, ఈ, ఎస్, జీ) కొట్టి, ఎంఎంసీ0 లేదా ఈఎక్స్‌టీ4 అన్న పేర్లతో ఎర్రర్లు వరుసగా ఉన్నాయేమో చూడండి. ఉంటే ముందు మీ ఫైళ్లు వేరే చోటికి కాపీ చేసుకోండి. ప్యాకేజీ సంగతి ఆ తర్వాత.

తక్కువ ధరకు దొరికే కార్డుల్లో నకిలీవి ఉంటాయి. మీద 64 అని రాసి ఉంటుంది, లోపల 8 ఉంటుంది. 8 నిండేదాకా బాగా పనిచేసి, ఆ తర్వాత రాసినదల్లా గాలికి పోతుంది. కొత్త కార్డు కొన్నప్పుడు వేరే లైనక్స్ కంప్యూటర్లో ఎఫ్3 అనే ప్యాకేజీతో ఒకసారి పరీక్షించండి. కార్డంతా నింపి, మళ్లీ చదివి, రాసినదే ఉందో లేదో చెబుతుంది. గంటల పని, కానీ ఒక్కసారే.

ఇన్‌స్టాల్ మధ్యలో కరెంటు పోతే

మన దగ్గర ఇది ఎక్కువగా జరిగేది, పైగా ఎక్కువ భయపెట్టేది. తిరిగి ఆన్ చేశాక ఏం కొట్టినా "డీపీకేజీ వాజ్ ఇంటరప్టెడ్" అంటుంది. కార్డు చెరిపేయాల్సిన పని దాదాపు ఎప్పుడూ ఉండదు. ఎలా బాగుచేయాలో ఆ లైన్లోనే రాసి ఉంటుంది:

«సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ»

విప్పి, అమర్చకుండా వదిలేసిన ప్యాకేజీలన్నిటినీ ఇది అమరుస్తుంది. ఆ వెంటనే «సుడో ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్» కొట్టండి, సగంలో ఆగిన మిగతావి తెచ్చుకుంటుంది. ఈ రెండూ వరుసగా చేస్తే చాలావరకు బోర్డు లేచి కూర్చుంటుంది.

కొన్నిసార్లు ఒక్క ప్యాకేజీ మొండికేస్తుంది. "ఫైల్స్ లిస్ట్ ఫైల్ ఫర్ ప్యాకేజ్" అని, దాని పేరు చెప్పి, "మిస్సింగ్ ఫైనల్ న్యూలైన్" అంటుంది. కరెంటు పోయిన క్షణంలో ఆ ప్యాకేజీ ఫైళ్ల జాబితా సగమే రాయబడింది. /వార్/లిబ్/డీపీకేజీ/ఇన్ఫో ఫోల్డర్లో ఆ ప్యాకేజీ పేరుతో .లిస్ట్ అని ముగిసే ఫైలును పక్కన పెట్టండి. చెరపకండి, «సుడో ఎంవీ» తో వేరే ఫోల్డర్లోకి మార్చండి. తర్వాత «సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ --రీఇన్‌స్టాల్» తో ఆ ప్యాకేజీని మళ్లీ ఎక్కిస్తే కొత్త జాబితా తయారవుతుంది.

ఇంతకన్నా పెద్ద దెబ్బ, ఏ ప్యాకేజీ ఎక్కి ఉందో రాసుకునే స్టేటస్ ఫైలే పాడవడం. /వార్/లిబ్/డీపీకేజీ లోని ఆ ఫైలు పక్కనే స్టేటస్-ఓల్డ్ అని ముందటి ప్రతి ఉంటుంది. /వార్/బ్యాకప్స్ ఫోల్డర్లో ఇంకా పాత ప్రతులు కూడా ఉంటాయి. పాడైనదాన్ని పేరు మార్చి ఉంచి, స్టేటస్-ఓల్డ్‌ను స్టేటస్ పేరుతో కాపీ చేసి, పైన చెప్పిన రెండు కమాండ్లూ మళ్లీ నడపండి. ఒక బడిలో పిల్లలు సంవత్సరమంతా చేసిన పని ఉన్న బోర్డును నేను ఇలాగే వెనక్కి తెచ్చాను. ఫార్మాట్ చేద్దామని కార్డు అప్పటికే బయటికి తీసి పెట్టారు. అందుకే ఈ సంగతి ఇంత వివరంగా రాస్తున్నాను.

"కుడ్ నాట్ గెట్ లాక్" అన్నది వేరే విషయం. మరో ప్రోగ్రాం అప్పటికే ప్యాకేజీల పని చేస్తోంది, అది అయ్యేదాకా ఆగమంటోంది. ఏ ప్రాసెస్ పట్టుకుందో నంబరుతో సహా చెబుతుంది. పది నిమిషాలు ఆగండి. లాక్ ఫైలును చెరిపేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు, వినకండి. రెండు ప్రోగ్రాంలు ఒకేసారి రాస్తే పైన చెప్పిన స్టేటస్ ఫైలు గతి పట్టేది అప్పుడే.

ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా దూరం నుంచి ఎక్కిస్తుంటే ముందు «టీమక్స్» (టీ, ఎం, యూ, ఎక్స్) తెరిచి అందులో చేయండి. వైఫై తెగినా ఇన్‌స్టాల్ ఆగదు. కరెంటు కోసం రౌటర్లకు పెట్టే చిన్న యూపీఎస్‌లు వాడొచ్చు, అయితే 5 వోల్టుల పోర్టు మీ బోర్డుకు సరిపడా ఆంపియర్లు ఇస్తుందో లేదో రాసి ఉన్నది చూసే కొనండి.

ఇన్ని చూశాక కూడా ప్యాకేజీ దొరకకపోతే

ఇప్పుడు ప్యాకేజీనే అనుమానించవచ్చు. «ఆప్ట్ పాలసీ» తర్వాత ప్యాకేజీ పేరు రాస్తే ఏ వెర్షన్ ఎక్కి ఉంది, ఏది దొరుకుతుంది, ఎక్కడి నుంచి అని చెబుతుంది. దొరికేది నన్ అని వస్తే పేరు తప్పయినా అయ్యుండాలి, మీ సిస్టమ్ వెర్షన్లో అది లేకపోయినా అయ్యుండాలి. «క్యాట్ /ఈటీసీ/ఓఎస్-రిలీజ్» తో మీ వెర్షన్ తెలుసుకోండి. రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ డెబియన్ అనే లైనక్స్ మీద కట్టింది. దాని వెర్షన్లలో బుల్స్‌ఐ 2021 నాటిది, బుక్‌వర్మ్ 2023, ట్రిక్సీ 2025. పాత పాఠంలో పైథాన్-పిప్ (పైథాన్ లైబ్రరీలను దించే పిప్ ప్రోగ్రాం) ఎక్కించమని ఉంటుంది. అది పైథాన్ 2 నాటిది, బుల్స్‌ఐ నుంచి పోయింది. ఇప్పుడు పైథాన్3-పిప్ అనాలి.

కొత్త వెర్షన్ వచ్చాక పాతదాంట్లో అప్‌డేట్ కొడితే, సూట్ విలువ స్టేబుల్ నుంచి ఓల్డ్‌స్టేబుల్‌కు మారిందని ఆగుతుంది. తప్పేమీ కాదు, మీ అనుమతి అడుగుతోంది. «సుడో ఆప్ట్ అప్‌డేట్ --అలౌ-రిలీజ్‌ఇన్ఫో-చేంజ్» కొట్టండి. స్ట్రెచ్ లాంటి మరీ పాత వెర్షన్లయితే ప్యాకేజీలు మామూలు సర్వర్ నుంచి లెగసీ.రాస్పియన్.ఆర్గ్‌కు తరలించారు. అలాంటి బోర్డు దొరికితే కొత్త కార్డు మీద కొత్త ఓఎస్ వేయడమే మేలని నా అభిప్రాయం. పాత కార్డు అలాగే దాచి ఉంచండి.

"అన్‌మెట్ డిపెండెన్సీస్" వస్తే /ఈటీసీ/ఆప్ట్/సోర్సెస్.లిస్ట్.డీ ఫోల్డర్లో ఏమున్నాయో చూడండి. ఉబుంటు కోసం రాసిన పాఠం చూసి చేర్చిన సర్వర్ అక్కడ కనిపిస్తే కారణం దొరికినట్టే. డెబియన్ సిస్టమ్‌లో ఉబుంటు ప్యాకేజీలు కలిపితే ఒకటి అడిగే లైబ్రరీ వెర్షన్ ఇంకోటి ఒప్పుకోదు. ఆ ఫైలు తీసేసి అప్‌డేట్ చేయండి. ఏదైనా ఎక్కించే ముందు "రిమూవ్డ్" అన్న జాబితా వస్తే వై కొట్టకుండా చదవండి. చిన్న ప్యాకేజీ కోసం డెస్క్‌టాప్ మొత్తం తీసేస్తానని అది ముందే చెబుతుంది.

సైట్ నుంచి .డెబ్ ఫైలు దించుకున్నవాళ్లకు ఇంకో చిక్కు. పేరు చివర ఏఎండీ64 ఉంటే అది ల్యాప్‌టాప్‌లకు, మీ బోర్డుకు ఎక్కదు. మీకు కావాల్సింది ఆర్మ్‌హెచ్‌ఎఫ్ లేదా ఆర్మ్64. ఏదని తెలుసుకోవడానికి చాలామంది «యూనేమ్ -ఎం» కొడతారు. అది కెర్నల్ (ఓఎస్ అడుగున ఉండే మూల ప్రోగ్రాం) సంగతే చెబుతుంది. 2023 నుంచి పై 4లో 32 బిట్ల ఓఎస్ కింద కూడా 64 బిట్ల కెర్నల్ నడుస్తూ ఉండొచ్చు, అప్పుడు జవాబు మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. «డీపీకేజీ --ప్రింట్-ఆర్కిటెక్చర్» ఇచ్చే జవాబునే నమ్మండి.

పైథాన్ లైబ్రరీలు

సెన్సర్ పనులు చేసేవాళ్లు చివరికి ఇక్కడికే వస్తారు. బుక్‌వర్మ్ నుంచి «పిప్ ఇన్‌స్టాల్» నేరుగా కొడితే "ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్" అని ఆగిపోతుంది. సిస్టమ్ తన పనులకు వాడే పైథాన్‌ను పిప్ చెడగొట్టకుండా పెట్టిన అడ్డు అది. దాన్ని దాటే ఆప్షన్ ఒకటుంది, పేరే బ్రేక్-సిస్టమ్-ప్యాకేజెస్. పేరులోనే హెచ్చరిక ఉంది, వాడకండి.

ముందు అదే లైబ్రరీ ఆప్ట్‌లో ఉందేమో చూడండి. నమ్‌పై కావాలంటే «సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ పైథాన్3-నమ్‌పై» అంటే చాలు. లేకపోతే, సిస్టమ్ పైథాన్‌ను ముట్టని విడి చోటు తయారు చేసుకోవడానికి, మీ ఫోల్డర్లో «పైథాన్3 -ఎం వీఎన్వ్ --సిస్టమ్-సైట్-ప్యాకేజెస్ ఎన్వ్» కొట్టి, «సోర్స్ ఎన్వ్/బిన్/యాక్టివేట్» చేసి, ఆ తర్వాత పిప్ వాడండి. ఇందులో వీఎన్వ్ అంటే వీ, ఈ, ఎన్, వీ. చివరి ఎన్వ్ ఆ ఫోల్డర్‌కు మీరు పెట్టే పేరు, ఈ, ఎన్, వీ.

పిప్ గంటసేపు నడిచి "కిల్డ్" అని ఒక్క మాటతో ఆగితే మెమరీ చాలలేదు. లైబ్రరీని అది బోర్డు మీదే కంపైల్ చేస్తోంది. పై 3కి ఉన్నది 1 జీబీ, జీరో 2 డబ్ల్యూకు 512 ఎంబీ. 32 బిట్ల రాస్ప్‌బెర్రీ పై ఓఎస్‌లో పైవీల్స్ అనే సర్వర్ నుంచి ముందే కంపైల్ చేసినవి దిగుతాయి, /ఈటీసీ/పిప్.కాన్ఫ్‌లో ఆ లైన్ ఉందో లేదో చూడండి. «ఫ్రీ -హెచ్» తో ఖాళీ మెమరీ చూసి, డెస్క్‌టాప్ మూసేసి టెర్మినల్‌లో మాత్రమే నడిపితే కొంత ఊపిరి దొరుకుతుంది.

ఇక్కడికీ తెగకపోతే ఎవరినైనా అడగండి. చివరి లైన్ ఫోటో పంపకండి. లాగ్.టీఎక్స్‌టీ మొత్తం, బోర్డు పేరు, ఓఎస్-రిలీజ్ జవాబు, గెట్_థ్రాటిల్డ్ అంకె, టైమ్‌డేట్‌సీటీఎల్ జవాబు పంపండి. ఈ ఐదూ చేతిలో ఉంటే అవతలివాళ్లు ఫోన్లోనే చెప్పగలుగుతారు.

అన్నీ ఎక్కి, మీ ప్రోగ్రాం నడిచిన రోజే డెస్క్‌టాప్ మెనూలోని ఎస్‌డీ కార్డ్ కాపియర్‌తో ఇంకో కార్డు మీదికి మొత్తం కాపీ తీసుకోండి. రెండో కార్డు మీద తేదీ వేసి గోడకు తగిలించిన కవర్లో పెట్టండి. బోర్డును ఆపేటప్పుడు «సుడో పవర్‌ఆఫ్» కొట్టి, పచ్చ లైటు మిణుకుమనడం పూర్తిగా ఆగాకే ప్లగ్గు తీయండి.